పేరు చెక్కించిన గిన్నెలు

రాజు పోయాక కూడా ఆయన పేరు నిలవాలంటే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మనకెందుకు, మనమేమన్నా రాజ్యాలేలుతున్నామా అని మీరు నవ్వచ్చు. నవ్వండి గాని, మూడు గదులూ, ఒక వంటిల్లూ, ఒక తాళాల గుత్తీ చేతిలో ఉన్న ఏ ఇల్లాలైనా రోజూ చేసే పని అదే. ఎవరికి ముందు వడ్డించాలి, ఎవరి మాట నమ్మాలి, ఎవరి తప్పు చూసీ చూడనట్టు ఊరుకోవాలి - సింహాసనం మీద కూర్చున్నవాళ్ళకి ఇవి ఎంత తలనొప్పో, పీట మీద కూర్చున్నవాళ్ళకీ అంతే. తేడా అల్లా, వాళ్ళకి వింజామరలు వీచేవాళ్ళుంటారు. మనకి కరెంటు పోతే విసనకర్ర కూడా మనమే వెతుక్కోవాలి.

నాకీ ఆలోచన పట్టుకున్నది మాహిష్మతి వల్ల. అదేనండీ, బాహుబలి సినిమా. మొదటి భాగం 2015 జులైలో, రెండోది 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. మధ్యలో ఆ రెండేళ్ళూ కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడా అని దేశం దేశమంతా బెంగపెట్టుకుంది. సెలవులకి మేడ్చల్ వచ్చే మా మనవరాలి పుణ్యమా అని ఆ రెండు భాగాలూ నాకు కంఠతా వచ్చేశాయి. ఏనుగు ఎప్పుడు తొండమెత్తుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మాహిష్మతి అన్న పేరు పాతదే. కార్తవీర్యార్జునుడి రాజధాని అని పురాణాలు చెబుతాయి. విజయేంద్రప్రసాద్ గారు కథ రాసి, రాజమౌళి గారు తీసిన మాహిష్మతి మాత్రం అచ్చంగా కల్పన. కల్పించిన రాజ్యాలతో ఒక సుఖం ఉంది. తేదీలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరి బుద్ధి ఎలాంటిదో చూసుకుంటే చాలు. ఆ బుద్ధులన్నీ మన ఇళ్ళలోనూ తిరుగుతుంటాయి కాబట్టి కథ ఇట్టే అర్థమవుతుంది.

ఆ కథలో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు, భల్లాలదేవుడూ బాహుబలీ. ఇద్దరినీ పెంచింది శివగామి. బలంలోనూ విద్యలోనూ ఒకరికొకరు తీసిపోరు. కాలకేయుల నాయకుణ్ణి ఎవరు చంపితే వాళ్ళదే రాజ్యమని యుద్ధానికి ముందు ఆవిడే చెప్పింది. చివరి దెబ్బ కొట్టింది భల్లాలదేవుడు. కిరీటం మాత్రం బాహుబలికి దక్కింది. ఎందుకంటే, శత్రువులు మాహిష్మతి జనాన్నే పట్టి తెచ్చి తమకి అడ్డంగా నిలబెట్టినప్పుడు భల్లాలదేవుడి రథం వాళ్ళ మీదుగానే పోయింది. బాహుబలి ముందు వాళ్ళ ప్రాణాలు కాపాడి, ఆ తర్వాత శత్రువు మీదికి వెళ్ళాడు. ఎన్ని తలలు తెగాయన్న లెక్క కంటే ఎన్ని తలలు మిగిలాయన్న లెక్కే పెద్దదని శివగామి తేల్చింది.

ఈ తీర్పు మావారికి ఇప్పటికీ మింగుడు పడలేదు. ముప్ఫై రెండేళ్ళు జమాఖర్చులు చూసి రిటైరైన మనిషి. "పోటీకి ముందు ఒక రూలు, తర్వాత ఇంకో రూలా? భల్లాలదేవుడికి అన్యాయం జరిగింది. అప్పీలు చేసుకోవాల్సింది" అంటారు. నాకు మాత్రం ఆ లెక్క ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఎక్కడో కాదు, ఈ ఇంట్లోనే చూశాను. అది కాసేపాగి చెబుతాను.

భల్లాలదేవుడు చివరికి రాజయ్యాడు. బోలెడంత ఎత్తున తన బంగారు విగ్రహం తానే చేయించుకున్నాడు. దాన్ని బానిసలు తాళ్ళు కట్టి లాగుతూ, కొరడా దెబ్బలు తింటూ నిలబెట్టారు. అంతా చేస్తే, ఆ బక్క ప్రాణాల నోట్లోంచి వచ్చిన పేరు అతనిది కాదు. ఇరవై అయిదేళ్ళ కిందట పోయిన బాహుబలిది. పాపం, ఎంత బంగారం పెట్టినా విగ్రహం చేత పేరు పలికించలేకపోయాడు.

పలికే బొమ్మల కథ మన దగ్గర పాతదే ఉంది. విక్రమార్కుడి సింహాసనానికి ముప్ఫై రెండు బొమ్మలు. దాన్ని భోజరాజు మట్టిలోంచి తవ్వి తీయించి ఎక్కబోతే, ఒక్కో బొమ్మా లేచి విక్రమార్కుడి గుణం ఒకటి కథగా చెప్పి, నీకంత గుణముంటే ఎక్కమంటుంది. మన తెలంగాణ ప్రాంతపు కవి కొఱవి గోపరాజు దీన్ని 'సింహాసన ద్వాత్రింశిక' అని తెలుగులో కావ్యం చేశాడు. ఆ బొమ్మల్లో ఒక్కటీ విక్రమార్కుడు ఎన్ని కోటలు పట్టాడో చెప్పి ఊరుకోదు. ఎవరి కోసం ఏం వదులుకున్నాడో చెబుతుంది. ఆయన పోయి ఎన్నాళ్ళో అయింది. ఆ బొమ్మలకి జీతం ఇచ్చేవాళ్ళు లేరు, అయినా చెబుతున్నాయి. కీర్తి అంటే అదీ అనిపిస్తుంది నాకు.

ఇక మా ఇంటి సంగతి. నేను కాపురానికి వచ్చింది 1981లో. అప్పుడు మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. మాకూ ఒక పందిరి ఉండేది. ఇంట్లో ఇద్దరు రాణులు: మా అత్తమ్మ, ఆవిడ యారాలైన మా పెద్దత్తమ్మ. యారాలంటే తోటికోడలు లెండి. పెద్దత్తమ్మ మహా సమర్థురాలు. ఆవిడ లెక్కలో పైసా తేడా వచ్చేది కాదు, ఆవిడ ఆవకాయ ఏనాడూ బూజు పట్టలేదు. చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా స్టీలు సామాను చదివించేది. ప్రతి గిన్నె మీదా, ప్రతి పళ్ళెం మీదా తన పేరూ, ఇంటి పేరూ, తేదీ చెక్కించేది. కొట్టువాడి మిషను జుయ్యిమంటూ చెక్కుతుంటే, అక్షరం వంకర పోకుండా పక్కనే నిలబడి చూసేది. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఆవిడ పేరున్న గ్లాసులోనే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు.

ఆవిడ మంచిది కాదని నేననను. ఇచ్చింది నిజమే కదా! కాకపోతే ఇచ్చినట్టు గిన్నెకి గుర్తుండాలని కోరుకుంది.

1983లో మా ఆడబిడ్డ పెళ్ళి జరిగింది. భోజనాల వేళకి ఉరుములూ మెరుపులూ, గాలివాన. పందిరి సగం ఒరిగిపోయింది. పెద్దత్తమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి, మగపెళ్ళివారిని మొత్తం మధ్య హాల్లోకి చేర్చి, ఒక్క విస్తరి తడవకుండా బంతి నడిపించింది. వియ్యపురాలు నోరెత్తే సందు ఇవ్వలేదు. నిజంగా ఆ రోజు యుద్ధం గెలిచింది ఆవిడే, కాలకేయుణ్ణి కూల్చింది ఆవిడే.

మా అత్తమ్మ ఆ హడావిడిలో కనపడలేదు. వెతికితే వెనక వసారాలో ఉంది. పొద్దటినించీ డప్పులు కొట్టి, వానకి తడిసి ముద్దయినవాళ్ళని, వాళ్ళ వెంట వచ్చిన పిల్లలని లోపలికి పిలిచి కూర్చోబెట్టి అన్నం పెడుతోంది. ఆ రోజుల్లో వాళ్ళకి అందరూ తిన్నాక, ఇంటి బయట, మిగిలింది పెట్టడమే వాడుక. పెద్దత్తమ్మ చూసి, "బయటోళ్ళకి ముందు, చుట్టాలకి తర్వాతనా?" అని గయ్యిమంది. అత్తమ్మ గరిటె దించకుండా, "చుట్టాలకి కోపమొస్తే నాలుగు రోజులు అలుగుతరు అక్కా. వీళ్ళు పొద్దటి సంది ఏం తినలె" అంది. అంతే.

ఆ మాట నేను మర్చిపోయాను. వాళ్ళు మర్చిపోలేదు. అత్తమ్మ 2009లో పోయినప్పుడు డప్పు కొట్టినవాళ్ళు డబ్బు పుచ్చుకోలేదు. మావారు బలవంతం చేస్తే అందులో ఒకతను, "గా పెండ్లినాడు మా నాయనకు అమ్మ ముందుగాల బువ్వ వెట్టింది. గిప్పుడు పైసలెట్ల దీసుకుంటం సారూ?" అన్నాడు. అతను ఆ పెళ్ళినాటికి పుట్టనేలేదు. అంటే ఆ ఇంట్లో ఆ కథ ఇరవై ఆరేళ్ళు చెప్పుకున్నారన్నమాట. మన ఇంట్లో సంగతులు మనకంటే ఎదుటివాళ్ళింట్లోనే జాగ్రత్తగా ఉంటాయి కాబోలు.

అత్తమ్మ దేవత అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. శివగామి అంతటిది ఒక పెద్ద తప్పు చేసింది కదా. పెంచిన కొడుకు మీద ఎవరో చెప్పిన మాట నమ్మి, అతణ్ణి పిలిచి ఒక్క ప్రశ్న అడగకుండానే చంపించింది. ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలికి ఉక్రోషం ఆగదు. "హోంవర్కు చెయ్యకపోతే మా టీచరు కూడా ఎందుకు చెయ్యలేదని ముందు అడుగుతుంది నానమ్మా! ఈవిడ అడగదేం?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. రాజ్యాలు కూలేది పెద్ద పెద్ద కుట్రలవల్ల అనుకుంటాం గాని, చాలాసార్లు ఆ అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగకపోవడంవల్లే.

మా ఇంట్లోనూ అదే జరిగింది. ఒకసారి వెండి గ్లాసు కనపడలేదు. ఎవరో ఏదో అన్నారు. అత్తమ్మ ఆ మాట పట్టుకుని, అప్పుడు పనిచేసే ఆమెని మర్నాటినుంచి రావద్దంది. ఆమె నోరు తెరవలేదు, వెళ్ళిపోయింది. మూడు నెలల తర్వాత వడ్ల గుమ్మి ఖాళీ చేస్తుంటే అడుగున గ్లాసు దొరికింది. మా మరిది చిన్నప్పటి వేషాలు! గ్లాసు దొరికిందని పెద్దత్తమ్మ సంతోషించింది. "పోనీలే, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు" అంది. అత్తమ్మ ఏమీ అనకుండా చీర మార్చుకుని శామీర్‌పేట బస్సెక్కింది. ఆమెది అక్కడ చెరువు దగ్గరి ఇల్లు. వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగానే, గ్లాసు మా ఇంట్లోనే దొరికింది, నీ తప్పు లేదు, నాదే తప్పు అని చెప్పి వచ్చింది. వెంట వెళ్ళింది నేనే కనక నాకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆమె మళ్ళీ మా ఇంట్లో పనికి రాలేదు. రమ్మని అత్తమ్మ అడగనూ లేదు. కాని ఏటా బోనాలప్పుడు మా ఇంటి క్షేమం కనుక్కునేది. ఒకసారి నాతో అంది: "తప్పు జేసినోళ్ళు మస్తుమంది ఉంటరమ్మా. గని బస్సెక్కి ఇంటికొచ్చి చెప్పినోళ్ళను నేనైతే జూడలె."

శివగామి కూడా నిజం తెలిశాక గదిలో కూర్చుని ఏడవలేదు. పసివాణ్ణి జనం ముందు ఎత్తి చూపించి వీడే రాజని చాటింది. వాడి ప్రాణం కాపాడడానికి తాను ఏట్లో మునిగింది. తప్పు గుట్టుగా చేసినా దిద్దుకోవడం నలుగురిలో చేసింది కాబట్టే, చూసేవాళ్ళకి ఆవిడ మీద కోపం నిలవదు.

శామీర్‌పేట అన్నాను కదా, ఆ చెరువు మీలో చాలామంది చూసే ఉంటారు. కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి పక్కనే ఉంటుంది. పిల్లల్ని తీసుకుని జింకల పార్కుకి వెళ్ళినవాళ్ళు చెరువు చూడకుండా రారు. నిజాం కాలంనాటిదంటారు. కట్ట దగ్గర మైసమ్మ గుడి ఉంది. కట్ట తెగకుండా, నీరు పోకుండా కాచే తల్లి కనక కట్టమైసమ్మ. బోనాలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్ళని ఈ చెరువు ఎవరు కట్టించారమ్మా అని నేను ఒకటి రెండుసార్లు అడిగాను. తెలియదన్నారు. మైసమ్మని ఎందుకు మొక్కుతారంటే మాత్రం, "కట్టను కాస్తది గదా" అని చప్పున చెప్పారు. చేయించినవాడి పేరు పోయింది, కాచేదాని పేరు మిగిలింది. రాజులు వినాల్సిన సంగతే ఇది.

చెరువులంటే కాకతీయులు గుర్తొస్తారు. వాళ్ళ పేరు చెరువులవల్లే కాదు, ఇచ్చిన మాటవల్ల కూడా నిలిచింది. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే అని అప్పట్లో వాడుక. ఇక మీదట అలా తీసుకోము, సుంకం తప్ప మీ సొమ్ము మాకొద్దు అని గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకి రాతి మీద అభయం రాసిచ్చాడు. మునిగినవాడి సొమ్ము ముట్టనని చెప్పడం ఎంత మాట! మన చుట్టాల్లో ఆస్తి పంపకాలు చూసినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

ఆయన కూతురు రుద్రమదేవి. ఆవిడ రాజ్యం గురించి విన్న మార్కోపోలో, ఆవిడ న్యాయాన్నీ శాంతినీ కోరే రాణి అనీ, జనం ఆవిడని ప్రేమించినంతగా ఇంకెవర్నీ ప్రేమించలేదనీ రాశాడు. ఆవిణ్ణి రాజుగారి భార్య అనుకున్నాడు, నిజానికి కూతురు. చుట్టరికం తప్పు రాసినా, మంచితనం సరిగ్గానే విన్నాడు.

అంతకంటే నన్ను కదిలించింది ఇంకొకటుంది. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో ఒక శాసనం దొరికింది. దాని తేదీ 1289 నవంబరు 27. వేయించింది మంత్రీ కాదు, సామంతుడూ కాదు. రుద్రమదేవి సేనాపతి మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి అనే మామూలు మనిషి. రుద్రమదేవీ, తన దొర మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్ళ పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నాననీ రాయించాడు. రాణి చివరి రోజుల తేదీ చరిత్రకారులు పట్టుకోగలిగింది ఈ రాయివల్లే. ఆలోచించండి. ఆవిడ పోయింది. ఇక జీతం రాదు, పదవి రాదు, మెచ్చుకోలు రాదు. అయినా ఒక చిన్న ఉద్యోగి తన చేతిలో ఉన్నదాంట్లోంచి ఇచ్చాడు. ఆ ఒక్క రాయికి, భల్లాలదేవుడి బంగారు విగ్రహం ఏ మూలకి?

విశ్వాసమంటే నాకు పువ్వుల ముమ్మడే. కట్టప్ప కాదు. ఈ మాట అంటే మా మనవరాలు నాతో పచ్చి. కట్టప్ప చాలా మంచివాడు, నేనూ ఒప్పుకుంటాను. కాని ఆయన విశ్వాసం కుర్చీకి. తాతముత్తాతలు సింహాసనానికి మాట ఇచ్చారు కనక, దాని మీద ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట వినాలి. ఆయన కత్తి పనితనం చూసి ముచ్చటపడిన పరదేశి వర్తకుడు, నీ స్వేచ్ఛకి ఎంత చెల్లించాలి అని అడిగితే కూడా ఆయన ఒప్పుకోలేదు. అంత కట్టుబాటున్న మనిషి చివరికి ఏం చేశాడు? ప్రాణంతో సమానంగా చూసుకున్నవాణ్ణి వెనకనుంచి పొడిచాడు. వెళ్ళిపోయే వీలు లేని విశ్వాసం అంత పనీ చేయిస్తుంది. బాహుబలిని కోటలోంచి వెళ్ళగొట్టినప్పుడు జనం అతని వెంట నిలబడ్డారు చూడండి, అది వేరు. అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, వాళ్ళని ఎవరూ రమ్మనలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె వచ్చే ఒకటో తారీకునించి మానేస్తోంది. శామీర్‌పేట దాటాక, తుర్కపల్లి వైపు మందుల కంపెనీలున్నాయి కదా, అందులో ఒకదాంట్లో పని దొరికింది. ఇంటి దగ్గరికి బస్సు వస్తుంది, పీయఫ్ ఉంటుంది, ఆదివారం సెలవు. చెప్పడానికి వారం రోజులు తటపటాయించింది పాపం. కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఏమనుకోకుండ్రి అమ్మా" అని మొదలుపెట్టింది.

ఈ సంగతి తెలిసి పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "పందొమ్మిదేళ్ళు మీ ఉప్పు తిని! ఈ కాలంలో విశ్వాసం ఎక్కడిదండీ" అంది. నాకూ లోపల కలుక్కుమన్న మాట నిజమే. నా మోకాళ్ళ సంగతి డాక్టరు కంటే ఆమెకే బాగా తెలుసు. కాని ఆ ఉప్పు ఎవరిది? పందొమ్మిదేళ్ళూ కూరలో వేసింది ఆమే, గిన్నె తోమింది ఆమే. ఆదివారం లేని విశ్వాసాన్ని మెచ్చుకోవడం మనకి సులువు, ఖర్చు లేని పని. ఆ మాటే పక్కింటావిడతో అన్నాను. ఆవిడ తన గుమ్మంలోకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు అలుగుతుంది కాబోలు.

పెద్దత్తమ్మ గిన్నెలేమయ్యాయో చెప్పనే లేదు. చాలామటుకు సొట్టలు పడి, పాత సామాన్ల వాడి గంపలోకి వెళ్ళిపోయాయి. మొన్న మా దగ్గర మిగిలిన పళ్ళెం ఒకటి తీసి మనవరాలికి చూపించి, ఈ పేరెవరిదో తెలుసా అంటే, "కంపెనీ పేరా నానమ్మా?" అంది.

నిన్న సాయంత్రం మేడ్చల్ బజారులో స్టీలు సామాను కొట్టుకి వెళ్ళి, మూడు గిన్నెల క్యారియరు ఒకటి కొన్నాను. కంపెనీకి అన్నం పట్టుకెళ్ళడానికి బాగుంటుంది, మూత గట్టిగా పడుతోంది, చారు కారదు. బేరమయ్యాక కొట్టతను మిషను చేతిలోకి తీసుకుని, "పేరేం కొట్టమంటరమ్మా, మీదేనా?" అన్నాడు.

నాది కాదు నాయనా అని, ఆమె పేరే కొట్టమన్నాను. అక్కడ అందరి క్యారియర్లూ ఒకచోటే పెడతారట, కలిసిపోకుండా ఉంటుంది.